బెత్తెడు పక్కకి

మా కోర్టుకి గోడల్లేవు.
ఒక పక్క రన్‌వే, ఇంకో పక్క లగూన్,
తుప్పు పట్టిన రెండు రింగులు, ఒక దానికే వల,
అదీ చేపల వలలోంచి కోసి కట్టింది.
ఆగ్నేయం గాలి మాతో రోజూ ఆడుతుంది,
ఏ జట్టుకీ చెందకుండా.
అందుకని మేం రింగుకి గురి పెట్టం.
ఇటు రింగుకి బెత్తెడు కుడికి, అటు రింగుకి బెత్తెడు ఎడమకి.
మిగతాది గాలి చూసుకుంటుంది.
ఎవరూ నేర్పలేదు.
చేపముల్లు తీసి తినడం మాత్రం ఎవరు నేర్పారు?

నేను ఫైరింజను డ్రైవర్ని.
విమానం దిగే ముందు సైరన్ మోగించి
రన్‌వే మీంచి కుక్కల్నీ పిల్లల్నీ తరిమేది నేనే.
జట్టులో ఎనిమిదోవాణ్ణి, బెంచీ చివర.
తొమ్మిదో టికెట్టుకి డబ్బు చాల్లేదు.
మా దేశం పేరుకి అర్థమే ఎనిమిది కలిసి నిలబడటం కదా అని
కోచ్ పెనితాలా, లెక్కల మాస్టారు,
లెక్క సరిపోయిందన్నాడు.

సువాలో హాలు.
తలుపులన్నీ మూసేశారు.
నున్నటి కొయ్య నేల మీద బూట్లు కిచకిచమన్నాయి.
మొదటి బంతి వైసువా వేశాడు, కస్టమ్స్ గుమాస్తా,
చెయ్యి తిరిగినవాడు.
బంతి అతను చూసిన చోటికే వెళ్ళింది.
సరిగ్గా బెత్తెడు కుడికి.
రెండోదీ అంతే.
తినేయ్ వేశాడు, లోతోఆలా వేశాడు,
గోడ లేని ఇంటి తలుపు తట్టినట్టు
అన్నీ రింగు పక్కన ఖాళీనే తట్టి వచ్చాయి.
మొదటి పావు అయ్యేసరికి ముప్పై ఒకటికి నాలుగు.
పైన ఎవరో నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు.

విరామంలో పెనితాలా పలక తీసుకుని
ఏమీ గీయకుండానే కాసేపు నిలబడ్డాడు.
‘ఇక్కడ గాలి లేదురా’ అన్నాడు చివరికి.
‘ఏది కనిపిస్తే దాన్నే కొట్టండి.’
మూడేళ్ళు ప్రార్థన చేశాం ఇక్కడికి రావాలని.
గాలిని కూడా అడగాలని ఒక్కడికీ తోచలేదు.

నేల తుడిచే ముసలాయన అప్పల్సామి
నాకో తెల్లటి గుడ్డ విసిరాడు.
‘మా తాత మాటలో మీ దేశం పేరంటే ఇదే, తెలుసా?’
అతని తాత చెరుకు నరకడానికి ఓడలో వచ్చాడట.
ఆ భాషలో అతనికి మిగిలినవి పది పన్నెండు మాటలు,
అందులో ఒకటి తువాలు.
నేను దేశంతో మొహం తుడుచుకున్నాను.

మూడో పావులో వైసువా నేరుగా వేయడం పట్టేశాడు.
చూస్తే తెలిసేది, ఒంటికి ఎంత కష్టమో.
కుడి చేతివాటం మనిషి ఎడం చేత్తో అన్నం కలుపుతున్నట్టు.
ఆఖరి నాలుగు నిమిషాలకి నన్ను పంపారు.
అప్పటికి గెలుపోటముల మాట ఎవరూ ఎత్తడం లేదు.
బంతి నా చేతికి వచ్చింది. ఆలోచన రాలేదు.
పాత గురే. బెత్తెడు పక్కకి.
బోర్డుకి తగిలింది, రింగు మీద కూర్చుంది,
కాసేపు ఆలోచించి లోపలికి దిగింది.
నేను వెనక్కి తిరిగి తలుపులు చూశాను.
మూసే ఉన్నాయి.

నూట పన్నెండుకి నలభై ఏడు.
ఆ నలభై ఏడులో రెండు నావి,
ఎలా వచ్చాయంటే మాత్రం చెప్పలేను.

ఇంటికొచ్చిన రోజు సైరన్ ఇంకెవరో మోగించారు,
నాకంటే పొడుగ్గా, అనవసరంగా.
ఆ సాయంత్రమే కోర్టుకి వెళ్ళాం, సంచులు ఇంట్లో పడేసి.
వైసువా మొదటి బంతి వేశాడు, నేరుగా,
సువాలో కష్టపడి నేర్చుకున్నట్టే.
గాలి దాన్ని అలా పట్టుకుని
రింగు దాటించి, రాళ్ళు దాటించి, లగూన్‌లో వదిలింది.
పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు.
‘అన్నకి గురి పోయిందిరా!’
ఒకడు అప్పటికే చొక్కా విప్పేసి
నీళ్ళలోకి దూకాడు, బంతి కోసం,
అది తేలిపోయే వైపు కాకుండా
కాస్త పక్కకి.